అసర్షన్ తప్పు, రీజన్ రైటు

పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, మీ సర్వీసులో మీకు పేరు తెచ్చిన పని ఏది మేడం అని అడుగుతుంటారు. పేరు తెచ్చిన పనుల గురించి రిటైర్మెంట్ సభలోనే పదిమందీ చెప్పేశారు. శాలువాలు కప్పారు, మోయలేనంత బరువున్న జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టారు. మీకు పనికొచ్చేది అది కాదు. సరైన ఫలితం చేతిలో ఉండి కూడా మేము ఒక మంచి పరిశోధకుణ్ణి పోగొట్టుకున్న సంగతి చెబుతాను. పేర్లు చెప్పను. ఇందులో ఉన్నవాళ్లలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. ఉంటే వాళ్లను నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

మా డిపార్ట్‌మెంటు క్యాంపస్‌లో తార్నాక వైపు గేటుకు దగ్గరగా ఉండేది. నాది ప్రోటీన్ల పని, అందులోనూ కణత్వచంలో ఉండే ప్రోటీన్లు. కణం చుట్టూ ఒక పలచని కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలో దూరి కూర్చుని లోపలికీ బయటికీ సరుకు, కబురు చేరవేసేవి ఇవి. వీటితో పని చేసినవాళ్లకు ఓపిక వస్తుంది, లేదా బీపీ వస్తుంది. నాకు రెండోది వచ్చింది. కొవ్వులోంచి బయటికి తీస్తే నీళ్లలో కరగవు, ముద్దకట్టి అడుక్కి చేరతాయి. పొద్దున బాగానే ఉంది, సాయంత్రానికి విరిగిపోయింది అన్న మాట మా ల్యాబ్‌లో వినిపిస్తే అది పాల గురించి కాదు.

ఇంత చాదస్తపు ప్రోటీన్ కణంలో మాత్రం మడత విడిపోకుండా ఎలా నిలబడుతుంది? దీనికి అప్పట్లో అందరూ చెప్పే సమాధానం హైడ్రోజన్ బంధం. ఒక హైడ్రోజన్‌ను మధ్యలో పెట్టుకుని రెండు పరమాణువులు పట్టుకునే చిన్న పట్టు అది. నీళ్లలో ఆ పట్టుకు పెద్ద విలువ లేదు, చుట్టూ ఉన్న నీటి అణువులు మేమూ పట్టుకుంటాం అంటూ పోటీకి వస్తాయి. కొవ్వు పొరలో నీళ్లు లేవు కాబట్టి పోటీ లేదు. పోటీ లేదు కాబట్టి అక్కడ పట్టు చాలా గట్టిగా ఉండి తీరాలి. ఈ తర్కం ఎంత ముచ్చటగా ఉందో చూడండి. నేనూ దాన్ని ఏళ్ల తరబడి ఎమ్మెస్సీ క్లాసుల్లో, బయటి లెక్చరర్లకు పెట్టే రిఫ్రెషర్ కోర్సుల్లో చెప్పాను. చెబుతుంటే పిల్లలు తలలూపేవాళ్లు, నాకూ హాయిగా ఉండేది. మేమెవరమూ దాన్ని కొలిచి చూడలేదు.

కొలుస్తానని వచ్చినవాడి గురించే ఈ కథంతా. నల్లగొండ వైపు పల్లె అతనిది, తండ్రి చిన్న చర్చికి పాస్టరు. మొదట్లో అడిక్‌మెట్‌లో స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. పెళ్లయ్యాక రామంతాపూర్‌లో చిన్న పోర్షన్ తీసుకున్నాడు. భార్య నర్సు. ఫెలోషిప్ గడువు అయిపోయింది, ప్రోటీన్ మాత్రం అతని గడువును పట్టించుకోలేదు. అందుకని తార్నాకలో మెడిసిన్ ఎంట్రెన్స్ కోచింగ్ సెంటర్‌లో పొద్దున్నే క్లాసులు చెప్పి, చొక్కా చేతుల మీద సుద్దపొడితో ల్యాబ్‌కు వచ్చేవాడు.

మొదట్లో నేను విసుక్కున్నాను.

“నువ్వు స్కాలర్‌వా, కోచింగ్ సారువా?”

“రెండు మేడం. గా పని ఉంటెనే ఈ పని నడుస్తది.”

చొక్కా దులుపుకుని రమ్మన్నాను.

మేము ఎంచుకున్నది ఉప్పు నీళ్లలో పెరిగే ఒక సూక్ష్మజీవి పొరలోని ప్రోటీన్. అది మడతపడి ఉన్నంతసేపూ నేరేడు పండు రంగులో ఉంటుంది. మడత విప్పితే రంగు పోతుంది. దాని జన్యువులో చిన్న మార్పు చేసి, హైడ్రోజన్ బంధం కట్టే ఒక అమైనో ఆమ్లాన్ని తీసేసి, ఆ పట్టు పట్టలేని ఇంకొకదాన్ని ఆ చోట పెట్టాలి. తర్వాత గాఢమైన సబ్బు ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, ఎంత కలిపితే రంగు పోతుందో చూడాలి. త్వరగా పోతే ఆ బంధం గట్టిదన్నమాట, అది లేకపోయేసరికి ప్రోటీన్ నిలబడలేకపోయిందన్నమాట.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉండేది. కొత్త మార్పు చేసిన ప్రోటీన్‌ను కొలిచే ముందు అందరం మా అంచనా చెప్పాలి. ఎవరి అంచనా దూరంగా పోతే వాళ్లు క్యాంటీన్‌లో మిగతావాళ్లకు చాయ్ తాగించాలి. ఆట కోసమే మొదలుపెట్టాను గానీ దాని వల్ల ఒక మేలు ఉంది. ఫలితం వచ్చాక, నేను ముందే అనుకున్నానని కోతలు కోయడం కుదరదు. మొదటి మార్పుకు అందరం ప్రోటీన్ కుప్పకూలుతుందన్నాం. అతను కూడా.

అతను ప్రోటీన్ ఉన్న గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. తర్వాత రంగు కొలిచే మిషన్‌లో పెట్టి చూశాడు. తర్వాత నా గదికి వచ్చాడు.

“ఏం కాలే మేడం.”

“ఏం కాలేదంటే?”

“కొంచెం తగ్గింది. తగ్గిందని చెప్పుకునేటంత గుడ లేదు.”

“మార్పు సరిగ్గా పడలేదేమో. మళ్లీ చెయ్యి.”

“చేసే వచ్చిన మేడం.”

తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే. ఒక బంధం కొంచెం గట్టిగా కనిపించేది, మిగతావన్నీ ఉన్నా లేకపోయినా ఒకటే. మేమందరం పంతానికి కూలుతుందని పందెం కట్టేవాళ్లం, అతనొక్కడు కూలదని కట్టడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది అతను తన డబ్బుతో చాయ్ తాగినట్టు నాకు గుర్తు లేదు.

మెల్లగా మాకు అర్థమైంది ఇదీ. ఒక పట్టు తీసేసినంత మాత్రాన ప్రోటీన్ ఊరికే కూర్చోదు, కొంచెం సర్దుకుంటుంది. పైగా మడత విప్పినప్పుడు కూడా అది ఆ కొవ్వులోనే ఉంటుంది, అక్కడా ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. మేము కొలిచేది ఈ రెండు స్థితుల మధ్య తేడాను. ఆ తేడా చిన్నది. ప్రోటీన్‌ను నిలబెట్టేది ఏ ఒక్క గట్టి పట్టూ కాదు, ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్న చాలా బలహీనమైన పట్లు. అతను దీన్ని నాకంటే బాగా చెప్పేవాడు. “ఉప్పల్ బస్సుల నిలవడ్డప్పుడు రాడ్ ఇడిచిపెడితె పడ్తమా మేడం? పడదామన్నా జాగ ఉండదు.”

పేపరు రాసి ఒక జర్నల్‌కు పంపాం. తిరిగొచ్చింది. మీ పద్ధతికి ఆ తేడాను పట్టే శక్తి లేదేమో, సబ్బులో కాదు, అసలైన పొరలో కొలవండి అన్నారు. దానికి కావాల్సిన పరికరం మా దగ్గర లేదు. ఇంకో చోటికి పంపాం. అక్కడి నుంచీ అదే మాట. మూడో చోటికి పంపి కూర్చున్నాం. ఏం కాలేదు అని చెప్పే పేపరును అచ్చేయించడం ఎంత కష్టమో మీరూ ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు.

మా కారిడార్‌లోనే ఎదురు గదిలో ఉండే ప్రొఫెసర్ ఒకాయన అతని డాక్టోరల్ కమిటీలో పెద్ద. నాకు మంచి స్నేహితుడు, వాదనకు దిగితే మాత్రం వదలరు. “మేడం, పిల్లర్ తీసేసినా బిల్డింగ్ నిలబడే ఉందంటే, మీవాడు తీసింది పిల్లర్ కాదు” అనేవారు.

“అక్కడ పిల్లర్లే లేవేమో సార్” అన్నాడు మావాడు ఒకసారి. ఆయన నవ్వి, “అది అచ్చయ్యాక చెప్పు, ఒప్పుకుంటా” అన్నారు.

అతని పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు ముగియవచ్చింది. కమిటీ కూర్చుని పొడిగించాలి, లేకపోతే ఇన్నేళ్ల పని గాలికి పోతుంది. ఆ మీటింగు రేపనగా సాయంత్రం అతను నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మేడం, ఒక ముచ్చట. తిట్టొద్దు.”

“ముందు చెప్పు. తిట్టాలో వద్దో నేను చూసుకుంటా.”

“మన రిజల్టు కోచింగ్ క్లాసుల చెప్పిన.”

“ఏంది?”

“నేను చెప్దామనుకోలే మేడం. పొరల నీళ్లుండయి, బాండు గట్టిగుంటదని పుస్తకంల ఉన్నట్టే చెప్తున్న. ఒకామె లేచి, సార్, ఎవరన్న కొలిచిన్రా అని అడిగింది. కొలిచినోణ్ని నేనే ఆమె ముంగట నిలవడ్డ. లేదని ఎట్ల చెప్పాలె?”

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల సంబరపడ్డాను. నా ఎమ్మెస్సీ క్లాసులో అంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న తార్నాకలో ఇంటర్ చదివే అమ్మాయి అడిగింది. అతను బోర్డు మీద మొత్తం గీసి చూపించాడట, బస్సు సంగతి కూడా చెప్పాడట. పిల్లలు బాగా నవ్వారట.

చిక్కు తర్వాత వచ్చింది. సెంటర్ మోడల్ టెస్టులో ఒక అసర్షన్–రీజన్ ప్రశ్న పడింది. ఈ రకం మీకు తెలిసిందే, ఒక వాక్యం, దాని కింద కారణం. కణత్వచంలోని ప్రోటీన్లలో హైడ్రోజన్ బంధాలు చాలా బలమైనవి అనేది అసర్షన్. ఆ పొరలో నీరు ఉండదు అనేది రీజన్. రెండూ ఒప్పే, రీజనే సరైన వివరణ అని జవాబుల కీ. మావాడి బ్యాచ్ పిల్లలు మూకుమ్మడిగా అసర్షన్ తప్పు, రీజన్ రైటు అని పెట్టొచ్చారు. పక్క బ్యాచ్‌కు మార్కు వచ్చింది, వీళ్లకు పోయింది. ఒక్క మార్కుకు సీటు ఇటు నుంచి అటు పోయే రోజులు. తల్లిదండ్రులు సెంటర్ మీదికి వచ్చారు.

“రేపు పొద్దున క్లాసుల నిలవడి తప్పు చెప్పిన అని చెప్పాల్నంట మేడం. లేకుంటె ఎల్లుండి నుంచి రావద్దన్నడు సెంటర్ ఆయన. ఇంట్ల ఆమెకు ఏడో నెల, డ్యూటీకి పోతలేదు.”

ఆ పని పోతే ఇల్లు గడవదు, ఇల్లు గడవకపోతే పొడిగింపు వచ్చినా ల్యాబ్‌కు రాలేడు. అది ఇద్దరికీ తెలుసు.

“పరీక్షలో కీ ప్రకారమే రాయండి, సైన్సులో దీని మీద పని ఇంకా నడుస్తున్నదని చెప్పు” అన్నాను. “అది అబద్ధం కాదు. తప్పు చెప్పిన అని మాత్రం అనకు.”

“ఆయన ఒప్పుకుంటడా?”

“నేను వచ్చి చెప్తా పద.”

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. తార్నాక చౌరస్తా దగ్గర ఒక మందుల దుకాణం మీద రెండో అంతస్తు. అప్పటికి మెట్రో లేదు, కింద బస్సుల హారన్లు క్లాసులోకి వినిపించేవి. మెట్ల పొడవునా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. సెంటర్ నడిపేది ఒకప్పటి ఫిజిక్స్ లెక్చరర్. నన్ను చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు, చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు.

“మేడం, సైన్సు గురించి నేను మాట్లాడ్తలేను. మీరు చెప్పిందే రైటుండొచ్చు. ఏ పుస్తకంల అచ్చయిందో చూపెట్టుండ్రి, ఇప్పుడే కీ మారుస్త.”

“పేపరు రివ్యూలో ఉన్నది.”

“అచ్చయినంక తీస్కరండ్రి మేడం, దండం పెట్టి మారుస్త. గప్పటిదాంక పేరెంట్స్‌కు నేనేం చెప్పాలె? మా సార్ ల్యాబుల ఒకటి చూసిండు, అందుకు మీ పిల్లల మార్కు పోయింది అని చెప్పాల్నా?”

ఆ మాటలో తప్పేముంది? ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. పరీక్షకు ఇది, సైన్సుకు అది అని చెప్పిస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒక్క కీ మీద అనుమానం వస్తే పిల్లలు అన్ని కీల మీదా అనుమానపడతారన్నాడు. అది కూడా నిజమే. పరిశోధనకు అంతకన్నా మంచి మొదలు లేదు, కోచింగ్ సెంటర్‌కు అంతకన్నా చెడ్డ కబురు లేదు.

అంతలో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. నన్ను క్లాసుకు రమ్మన్నాడు. మావాడు మాకంటే ముందే బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు. బెంచీల మీద పిల్లలు భుజాలు ఒరుసుకుని కూర్చున్నారు.

“యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ మేడం వచ్చిండ్రు. మీ సార్‌కు గుడ గురువు. మన డౌటు మేడమే తీరుస్తరు” అని ఆయన చప్పట్లు మొదలుపెట్టాడు. పిల్లలందరూ కొట్టారు.

నేను లేచాను. ఏం చెప్పాలో నా మనసులో సిద్ధంగానే ఉంది. మీ సారు చెప్పింది నిజం, కొలిచిందీ ఆయనే, అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో అతని పని ఆ నిమిషమే పోతుందనీ తెలుసు. అతని వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే రెండు అడుగులు ముందుకు వచ్చాడు.

“మేడంను ఎందుకు సార్ ఇబ్బంది పెట్టుడు? నేనే తప్పు చెప్పిన. కీ రైటు. అసర్షన్ రైటు, రీజన్ రైటు. రాసుకోండ్రి.”

తిరిగి బోర్డు మీద కూడా రాశాడు. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి ఒక్క క్షణం అతన్నే చూసి, తర్వాత తనూ రాసుకుంది. ప్రశ్న అడిగింది ఆ అమ్మాయేనని నేను ఎవరినీ అడగకుండానే అనుకున్నాను. నేను నిలబడే ఉన్నాను. సెంటర్ ఆయన నా ముందు బిస్కెట్ల ప్లేటు పెట్టించి, చాలా థాంక్స్ మేడం అన్నాడు. నేను చేసిన పనేమిటో నాకు అర్థం కాలేదు.

కిందికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం.

“ఎందుకట్లన్నవ్?”

“మీరు లేచిండ్రు గద మేడం. మీరు నిజం చెప్తె నా పని పోతది. కీ రైటంటె మీ మాట పోతది. అందుకే నేనే అన్న.”

“నేను నిజమే చెప్పేదాన్ని.”

“ఎరుకే మేడం. నాకు అదే భయమైంది.”

డిపార్ట్‌మెంటు దగ్గర ఆటో దిగాం. మధ్యాహ్నం మీటింగు ఉందని, అన్నం తిని రమ్మని చెప్పి నా గదికి వెళ్లిపోయాను. నాకు అతని మీద జాలి, సెంటర్ ఆయన మీద చిరాకు, ఆకలి, అన్నీ కలిసి ఉన్నాయి. పొద్దున జరిగింది అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. పని నిలబడింది, ఇక పొడిగింపు వస్తే చాలు, పేపరు ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, అచ్చయ్యాక అదే క్లాసులో తలెత్తుకుని చెప్పుకుంటాడు.

కమిటీలో అతను బాగా మొదలుపెట్టాడు. ఒక్కొక్క మార్పు, ఒక్కొక్క కొలత, ఎక్కడా తడబడలేదు. చివరి స్లైడ్ అయ్యాక ఎదురు గది ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకుని అడిగారు.

“డేటా చూశాను. రివ్యూలూ చూశాను. వాటి సంగతి పక్కన పెట్టు. ఇన్నేళ్లు చేశావు కదా, నువ్వు దీన్ని నమ్ముతున్నావా?”

అది అతన్ని పడగొట్టడానికి వేసిన ప్రశ్న కాదు. చేయి పట్టి పైకి లాగడానికి వేసింది. అవును సార్ అంటే చాలు, ఆయన సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశారు.

అతను పాయింటర్ ఆపి బల్ల మీద పెట్టాడు.

“పొద్దున పిల్లల ముంగట తప్పు చెప్పిన అని చెప్పొచ్చిన సార్. ఇప్పుడు మీ ముంగట రైటని ఎట్ల చెప్పాలె?”

కమిటీలో ఒకరు హాస్యమనుకుని నవ్వారు. నేను ఉండబట్టలేక మొత్తం చెప్పాను, కోచింగ్ సెంటర్, టెస్టు, కీ, అన్నీ. ఎదురు గది ప్రొఫెసర్ మధ్యలో ఆపి, ఆ ప్రశ్న మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

“ఆ ప్రశ్న నాదే మేడం. చాలా ఏళ్ల కిందట వాళ్ల క్వశ్చన్ బ్యాంకుకు రాసిచ్చాను. కష్టమైన ప్రశ్న ఒకటి కావాలన్నారు.”

“ఎక్కడి నుంచి తీశారు సార్?”

“మీ దగ్గర నుంచే. రిఫ్రెషర్ కోర్సులో మీరు చెప్పారు. నాకు బాగా నచ్చింది.”

మావాడు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పొడిగింపు ఏకగ్రీవంగా వచ్చింది. ఎదురు గది ప్రొఫెసర్ అంతటితో ఊరుకోలేదు. మర్నాడు మా ల్యాబ్‌కు వచ్చి ఆ ఊదా రంగు గొట్టాలు చూపించమన్నారు. పక్కన నిలబడి ఒక కొలత మొదటి నుంచి చివరి దాకా చూశారు. ఆచారం ప్రకారం అంచనా చెప్పి, ఓడిపోయి, అందరికీ చాయ్ కూడా తాగించారు. ఆ ప్రశ్న తీసేయమని సెంటర్‌కు స్వయంగా చెప్పారు. వాళ్లు వచ్చే ప్రింటులో తీసేస్తామని మర్యాదగా అన్నారు, తీసేశారు కూడా. ఎవరైనా ఇంతకన్నా ఏం చేస్తారు?

కానీ మావాడు మారిపోయాడు. మొదట్లో వారానికి ఒక రోజు రాలేదు, తర్వాత రెండు రోజులు. పాప పుట్టింది, ఆ హడావుడి అనుకున్నాను. ఒక రోజు స్వీట్ల డబ్బాతో వచ్చి, కరీంనగర్‌లో పెట్టే కొత్త బ్రాంచికి తనను ఇన్‌చార్జిగా వేశారని చెప్పాడు. అందరి ముందు తప్పు ఒప్పుకునే సారు ఎక్కడ దొరుకుతాడు అని సెంటర్ ఆయన మెచ్చుకుని మరీ ఇచ్చాడట. వినడానికి నాకు ఒళ్లు మండింది.

“పొడిగింపు వచ్చింది గద. ఇంకా మూడు మార్పులు చేస్తే థీసిస్ అయితది. అప్పటిదాకా ఆగరాదు?”

“నాతోని అయితలేదు మేడం.”

“ఏం అయితలేదు?”

“గొట్టం వెలుతురుకు పట్టుకుని చూస్త గద. మొదలు రంగు ఉంటె ఉన్నది, పోతె పోయింది, గంతే. ఇప్పుడు చూస్తుంటె, ఉన్నదా, ఉండాల్నని నేను చూస్తున్ననా అని అనుమానమొస్తున్నది.”

“కంటితో చూసుడెందుకు? మిషన్ ఉన్నది గద, అది అంకె చెప్తది.”

“మిషన్ల పెట్టేది నేనే గద మేడం.”

నేను చాలా చెప్పాను. ఎదురు గది సారు పక్కన నిలబడి చూశారు కదా అన్నాను. అనుమానం మంచిదే, అనుమానంతోనే పని చేయాలన్నాను. కొంచెం గట్టిగా కూడా మాట్లాడాను. అన్నీ సరైన మాటలే, ఇప్పుడు తలచుకున్నా వాటిలో తీసేయాల్సింది ఒక్కటీ కనిపించదు. అతను అన్నిటికీ అవును మేడం అన్నాడు. స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టి, నా కాళ్లకు దండం పెట్టబోతే వద్దన్నాను. వెళ్లిపోయాడు.

మిగిలిన మార్పులు చేయడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. కొత్తగా వచ్చిన స్కాలర్లు ఏదో ఒకటి జరిగే పని కావాలనేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. మూడో చోటి నుంచి కూడా పేపరు తిరిగొచ్చింది. అతను లేకుండా దాన్ని నాలుగో చోటికి పంపాలని నాకు అనిపించలేదు. గొట్టాలు డీప్ ఫ్రీజర్‌లో చాలాకాలం ఉన్నాయి. ఒక ఎండాకాలం కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, అవీ కరిగిపోయాయి.

మంచి పరికరాలున్న ఇతర చోట్ల ఇదే పని జరిగింది. వాళ్లూ మెల్లగా అక్కడికే వచ్చారు. రిటైరయ్యాక ఒక పొద్దున ఇంట్లో కూర్చుని ఏదో వ్యాసం చదువుతుంటే ఆ మాట కంటపడింది. కణత్వచంలోని ప్రోటీన్లలో ఇటువంటి హైడ్రోజన్ బంధాల్లో చాలావరకు బలహీనమైనవే, ఒక్కొక్కటీ స్థిరత్వానికి చేసే సాయం కొద్దిపాటిదే, అని రాసి ఉంది. పెద్ద వార్తలా కూడా రాయలేదు. ఎప్పటి నుంచో అందరికీ తెలిసిన సంగతిలా, వేరే విషయం మొదలుపెట్టే ముందు ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు. మీలో ఎవరి దగ్గరైనా ఏం కాలేదు అనే ఫలితం ఉంటే, దాన్ని కొలిచిన మనిషిని ముందు జాగ్రత్తగా చూసుకోండి. ఫలితం ఎలాగూ ఎవరో ఒకరి చేతికి మళ్లీ వస్తుంది.

అతనికి ఫోన్ చేశాను. కరీంనగర్‌లోనే ఉన్నాడు, ఇప్పుడు ప్రిన్సిపాల్. నా గొంతు వినగానే లేచి నిలబడినట్టున్నాడు, కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. పాప కాలేజీకి వచ్చిందన్నాడు. నేను ఆ వాక్యం చదివి వినిపించాను.

“మళ్లొకసారి చదువుండ్రి మేడం.”

మళ్లీ చదివాను.

“మంచిగున్నది” అన్నాడు. తర్వాత, “గా ప్రశ్న ఇంకా ఉన్నది మేడం. మన సెంటర్ బుక్కుల తీసేసిన్రు గని, గప్పటికే వేరేటోళ్లు ఎక్కించుకున్నరు. ఇప్పుడు ఏ క్వశ్చన్ బ్యాంకు చూసినా ఉన్నది. కీ గుడ అదే.”

“మరి మీ పిల్లలు అడిగితే ఏం చెప్తున్నవ్?”

“ఇప్పుడు ఎవరు అడుగుతలేరు మేడం” అన్నాడు. “అడిగే సందు లేకుండ చెప్పుడు నేర్చుకున్న.”